బీపీ పుస్తకంలో ఆదివారాలు

బాబూ,

నువ్వు పోయాక మూతపడిన క్లినిక్‌ని మీ అమ్మాయి మళ్లీ తెరిచింది. రాజాంలో అందరూ నీ దగ్గరికి వచ్చినట్టే వస్తున్నారు. ఈరోజు నేను వెళ్లేసరికి, మందులు సరిగా వాడని ఒకావిడకి నీ సొరుగులో దొరికిన నా పాత బీపీ పుస్తకం చూపిస్తోంది. "మా నాన్న అందరికీ ఇదే చూపించేవారు. ఈ మామ్మగారు రోజూ బిళ్ల వేసుకుని టిక్కు పెట్టారు, చూడండి."

ఆవిడ నావైపు తిరిగింది. "ఒక్కరోజైనా మానలేదేటి, టీచరమ్మా? నువ్వు మనిసివేనా?"

ఆ బిళ్ల వేసుకుంటే మాటిమాటికీ బాత్రూముకి వెళ్లాలి. చర్చిలో ప్రసంగం మధ్య లేవడం నామోషీ అనిపించి ఆదివారాలు మానేసేదాన్ని. తర్వాత పెళ్లిళ్లకీ, ప్రయాణాలకీ మానేశాను. టిక్కు మాత్రం మానలేదు. బీపీ తగ్గకపోతే నువ్వు, "మీకు సరిపోయే మందు నాకే దొరకడం లేదు, టీచరుగారూ" అని రెండుసార్లు మార్చావు. హోంవర్కు చేశానని అబద్ధమాడినందుకు నిన్ను బెంచీ ఎక్కించినదాన్ని నేను.

ఆవిడ ముందే నిజం చెప్పేశాను. మీ అమ్మాయి తలెత్తకుండా నా చేతికి బీపీ పట్టీ చుట్టింది. తర్వాత పెన్ను అడిగి, దొంగ టిక్కులు కొట్టేయడానికి కూర్చున్నాను. ఆదివారాలన్నీ కొట్టేశాను. మిగతావాటిలో ఏవి నిజమో నాకే తెలియలేదు.