ఎనిమిది గంటల నలభై నిమిషాలు నిద్రపోయింది, తమ్మీ

సికింద్రాబాద్
2025 ఆగస్టు 10, ఆదివారం, ఉదయం ఎనిమిదిన్నర

తమ్మీ మల్లేశం,

అక్కను. బాగానే ఉన్నాను. నువ్వు పోయి ఇవాల్టికి ఏడు నెలల పన్నెండు రోజులు. ఇంట్లో అందరూ "ఏడెనిమిది నెలలు" అంటున్నారు. ఏడా, ఎనిమిదా? తెలియనివాళ్లు అడగాలి కదా...

ఇవాళే ఎందుకు రాస్తున్నానంటే, నువ్వు కట్టిన కంప్యూటర్ నిద్రపోయింది. నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు స్లీప్‌లో పెట్టాను. ఇవాళ ఉదయం ఆరూ పదికి ఒక మీట నొక్కితే లేచింది. మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు. ఈ మాట ముందు నీకే చెప్పాలనిపించింది. రమేశ్ ఇంకా లేవలేదు. నా కొడుకు సంగతి నీకు తెలుసు కదా, ఆదివారం తొమ్మిది దాటాల్సిందే.

నవ్య కోసం నువ్వు ఆ పెట్టె కట్టి రెండున్నరేళ్లు. మనవరాలి పనికి మ్యాక్ సిస్టమే కావాలంటే, విడివిడిగా భాగాలు తెచ్చి, వాటి మీద ఆ సిస్టం నడిపించావు. దాన్ని హాకింతోష్ అంటారని చెప్పి, ఆ పేరు నాచేత మూడుసార్లు పలికించావు. లాలాగూడ వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు రైలు పెట్టెలు బాగుచేసిన ఫిట్టర్‌కు ఈ పెట్టెతో ఏం పని అనుకున్నాను. పైకి కూడా అన్నాను. నువ్వు నవ్వావు. "పెట్టె పెట్టెనే అక్కా. అది పట్టాల మీద పోతది, ఇది పోదు. గంతే."

పోయిన డిసెంబరు దాకా అది చెప్పినట్టు విన్నది. నువ్వు ఆసుపత్రిలో చేరిన వారం నుంచే చెడింది. స్లీప్‌లో పెడితే తొమ్మిది సెకన్లు... మళ్లీ లేచి ఫ్యాన్ తిప్పేది. నవ్య చేసేది పుస్తకాలు చదివి రికార్డు చేసే పని. చదివేటప్పుడు పెట్టెను పడుకోబెట్టి విడి రికార్డరులోకి ఎక్కించి, తర్వాత పెట్టె మీద దిద్దుకుంటుంది. రికార్డరు, పెట్టె ఒకే గదిలో. ఫ్యాన్ మోత ప్రతి వాక్యం కింద వినిపించేది. పూర్తిగా ఆపేసి చదివితే, మళ్లీ తెరిచి అన్నీ సర్దుకోవడానికి అరగంట. రోజుకు ఆరుసార్లు అలా చేసేది పాపం. నీ మీద ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

జులైలో ఒక పెద్ద పుస్తకం చదివే పని నవ్యకు వచ్చింది. ఆగస్టు పద్దెనిమిదిన మొదలు. అప్పుడు రమేశ్ పెట్టెను ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక రిపేరు షాపుకు తీసుకెళ్లాడు. నేనూ వెళ్లాను. ఆ అబ్బాయి మూత తీసి చూశాడు. "అమ్మా, ఇది ఎవరో ఇంట్ల కూసోని జోడు చేసిండ్రు. దీనికి ఇలాజ్ లేదు, బాగుకాదు. పార్టులు అమ్ముకోండ్రి" అన్నాడు. ఇంట్ల కూసోని కాదు నాయనా, నిలబడి చేశాడు, ముప్పై నాలుగేళ్లు నిలబడ్డ అలవాటు అని చెప్పాను. అతనికి అర్థం కాలేదు.

దారిలో రమేశ్ తేల్చేశాడు. "మామ చేతిపని మామకే ఎరుక. మనతోని కాదమ్మా. ఆగస్టు పదిహేను లోపల అమ్మేద్దాం." ఆ సాయంత్రమే ఫోటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టాడు.

నాకు మూడు వారాలు కావాలన్నాను. లెక్కల టీచరుగా ఇరవై ఎనిమిదేళ్లలో చేయలేనని వదిలేసిన లెక్క ఒక్కటీ లేదు. అయినా తమ్మీ, నిజం చెప్తున్నాను, లెక్క కోసం కాదు. పార్టులుగా అమ్మేస్తే మల్లేశం కట్టింది పనికిరాలేదనే మాట ఈ ఇంట్లో మిగిలిపోతుంది. అది నేను ఎలా ఒప్పుకుంటాను?

గీతల నోటుబుక్కు ఒకటి తీశాను. నాలుగు నిలువు వరుసలు: తేదీ, ఏం మార్చాను, ఎన్ని సెకన్లు పడుకుంది, ఎలా లేచింది. ఒకసారికి ఒకే మార్పు. నువ్వు ఒకేసారి మూడు మార్చి, బాగైతే ఏది పనిచేసిందో చెప్పలేక తల గోక్కునేవాడివి కదా... ఆ పద్ధతి నాకు పడదు.

మొదట లోపలి గుండ్రటి బ్యాటరీ మార్చాను. అది నిజంగానే అయిపోయింది. గడియారం సరిగ్గా నడవడం మొదలుపెట్టింది. నిద్ర మాత్రం తొమ్మిది సెకన్లే. నీ చిన్న బ్రష్‌తో దుమ్ము దులిపాను. తొమ్మిది. మెమరీ పలకలు తీసి మళ్లీ బిగించాను. తొమ్మిది. నవ్య "నానమ్మా, ఇగ చాలు, నీకు నడుం నొప్పి" అంది. నడుం నాది, నొప్పి నాది, నువ్వు చదువుకో అన్నాను.

తర్వాత తెలిసింది ఏమిటంటే, మెలకువ వచ్చిన ప్రతిసారీ ఆ సిస్టం కారణం రాసి పెట్టుకుంటుందట. ఎంత మంచి అలవాటు! తెరిచి చూశాను. వందల వరుసలు, అన్నింట్లో ఒకటే కారణం. యూఎస్‌బీ పోర్టు నుంచి ఎవరో లేపుతున్నారు. మౌస్ పీకాను, కీబోర్డు పీకాను, రికార్డరు తీగ, స్పీకరు... ఒక్కొక్కటిగా. చివరికి బయట ఒక్క తీగ లేదు. పవర్ బటన్‌తో పడుకోబెట్టాను. తొమ్మిదో సెకనుకు లేచింది.

బయట ఎవరూ లేరు. మరి తలుపు కొడుతున్నది ఎవరు?

కరెంటు తీగ తీసేసి మూత విప్పాను. లోపల ఒక సన్నటి తీగ, బ్లూటూత్ కార్డు నుంచి మదర్‌బోర్డు మీది యూఎస్‌బీ పిన్నులకు. నవ్య హెడ్‌ఫోన్లు కలపడానికి డిసెంబరులో నువ్వు మార్చిన కార్డు అది. ఆ తీగ తీశాను. నలభై నిమిషాలు పడుకుంది, నేను లేపేదాకా. ఇరవై ఏడో ప్రయత్నం.

తీసేసి ఊరుకుంటే నవ్యకు హెడ్‌ఫోన్లు పనిచేయవు. అది బాగుచేయడం కాదు. అందుకే నీ కాగితాల పెట్టె తెరిచాను. ఇన్ని నెలలూ తెరవలేదు... ఎందుకో అడగకు.

పోర్టులన్నీ గీసిన పటం దొరికింది. పదిహేను పోర్టులు, పదిహేను వరుసలు, నీ చేతిరాత. ఏది బయటిదో, ఏది లోపలిదో సిస్టానికి సంఖ్యలతో చెప్పాలట. లోపల శాశ్వతంగా ఉండేదానికి 255. పద్నాలుగు వరుసల పక్కన టిక్కు ఉంది. పదిహేనోది బ్లూటూత్ కార్డుది. దానికి సున్నా, అంటే బయటిది అన్నట్టు; అందుకే అది కదిలినప్పుడల్లా బయటి నుంచి ఎవరో తలుపు కొట్టారనుకుని సిస్టం లేచేది. పక్కన టిక్కు లేదు. "రేపు చూడాలె" అని ఉంది.

పైన తేదీ: డిసెంబరు 7.

ఆ రోజు నా పాత స్కూలు టీచర్లు భోజనానికి వచ్చారు. నువ్వు పెట్టె విప్పి పెట్టుకున్న డైనింగ్ టేబుల్ పదకొండింటికల్లా ఖాళీ చేయమన్నాను. "అక్కా, జెర ఆగు, ఒక్కటే మిగిలింది" అన్నావు. నీకు ఎప్పుడూ ఒక్కటే మిగులుతుంది, ఒక్క పనీ పూర్తి చేయవు అన్నాను. వాళ్ల ముందే అన్నాను. నువ్వు మూత బిగించి, పెట్టె ఎత్తుకుని లోపలికి వెళ్లావు. మర్నాడు నీకు జ్వరం. ఆ తర్వాత నీకు రేపు అనేది ఎక్కడ మిగిలింది?

నోటుబుక్కులో రాశాను. తప్పు ఎవరిది అని చివర ఇంకో వరుస చేర్చాను; అక్కడ నీ పేరు లేదు. నీ పని ఆగిపోయింది. ఆపింది నేను. లెక్క తేలాక దాచడం నాకు చేతకాదు.

సున్నాను 255 చేశాను. తీగ తిరిగి పెట్టాను. ముప్పై ఒకటో ప్రయత్నం. ఆ తర్వాత జరిగిందే పైన చెప్పాను.

ఇంకొకటి. నీ ప్రతి కాగితం అడుగున రెండు గీతలున్నాయి. "చేసినది" అన్నచోట నీ సంతకం. "చూసినది" అన్నచోట... అన్ని కాగితాల మీదా ఖాళీ. "చేసినోడే పాస్ చేస్తే బండి పట్టాల మీద ఉండదు" అని వర్క్‌షాపు మాట చెప్పేవాడివి. రెండో మనిషి చూడాల్సిందేనని. ఆ ఖాళీ ఎవరి కోసం వదిలావు తమ్మీ? నేను వస్తానని అనుకున్నావా?

పద్నాలుగు వరుసలూ ఒక్కొక్కటి సరిచూశాను. ఒక్క తప్పు లేదు. నా విద్యార్థుల్లో పద్నాలుగుకు పద్నాలుగు తెచ్చుకున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టగలను. సంతకం పెట్టాను. నువ్వు బతికుండగా "బాగా కట్టావు" అని ఒక్కసారీ అనలేదు. బాగా కట్టావు.

ఇక జరగాల్సినవి:

1. పదిహేనో వరుస దిద్దింది నేను. కాబట్టి నేను పాస్ చేయకూడదు. ఇవాళ మధ్యాహ్నం నవ్య ఆ తీగ, ఆ సంఖ్య, నిద్ర లెక్క చూసి సంతకం పెట్టాలి. "నువ్వు చేసినంక నేను చూసుడేంది నానమ్మా" అంటుంది. అన్నా సరే, చూడాలి.

2. రమేశ్ ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రకటన తీసేయాలి. సాయంత్రం లోపల, నా ఎదురుగా.

3. సిస్టం అప్‌డేట్ అడిగితే ఎవరూ నొక్కకూడదు. ముందు మొత్తం నకలు తీయాలి. ఈ రకం ప్రాసెసర్‌కు కొత్త సిస్టాలు ఇక ఎంతో కాలం రావట. తెలుసు. ఉన్నదానితో నడిచినంత కాలం నడపాలి.

4. ఏ.ఎస్. రావు నగర్ షాపు అబ్బాయికి జబ్బు ఏమిటో నేనే వెళ్లి చెప్పాలి. ఇంకొకరి పెట్టె పార్టులు కాకుండా ఉంటుంది. సగం అందుకు. సగం గర్వానికి.

5. పద్దెనిమిదో తేదీ, సోమవారం, ఉదయం పది. నవ్య మొదటి అధ్యాయం చదువుతుంది. అయ్యేదాకా ఇంట్లో కుక్కరు పెట్టకూడదు.

6. డైనింగ్ టేబుల్ మీద ఎవరైనా ఏదైనా విప్పి పెట్టుకుంటే, ఇంటికి ఎంతటివాళ్లు వచ్చినా సరే, కింద చాపలు వేసి వడ్డించాలి.