జారిపడ్డవాళ్ళ వరుస

మార్చి 12, మంగళవారం

పొట్టికి,

నమస్కారం. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు క్షేమమేనా అని మర్యాదకి కూడా అడగలేను. నీ రక్తం సీసాకి చీటీ అంటించింది నేనే కదా.

ఫోను ఎత్తవు. ఇంటికొస్తే మీ అమ్మగారు, అమ్మాయి ఉపవాస ప్రార్థనలో ఉందమ్మా, నలభై రోజులు ఎవరినీ చూడదు అన్నారు. అందుకే ఈ ఉత్తరం. మీ చెల్లి చేతికిస్తున్నాను, అది విప్పి చూసే రకం కాదు.

హెచ్.ఐ.వి. పరీక్షకి నువ్వు రెండో నమూనా ఇవ్వాలని డాక్టరమ్మ మూడు వారాలుగా మొత్తుకుంటోంది. మొదటి ఫలితం ఖాయం చేసుకోవడానికి అది. ఖాయమైనా రోజూ మాత్ర వేసుకుంటే ముసలిదానివయ్యేదాకా నాతో పోట్లాడుతూనే ఉంటావు. వేసుకోనివాళ్ళు ఏమవుతారో ఈ ల్యాబులో కూర్చుని చూస్తూనే ఉన్నాను. ఉపవాసంతో రక్తం శుద్ధమవుతుందని మన మందిరం పెద్దాయన చెప్పాడట. ఆయనకి చక్కెర జబ్బు. పరగడుపున ఒకసారి, తిన్నాక ఒకసారి మా దగ్గరే చెయ్యి చాపుతాడు. ఒక్క నెలా ఎగ్గొట్టలేదు.

తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది. పద్దెనిమిదేళ్ళకి మనచేత, పెళ్ళిదాకా పవిత్రంగా ఉంటామని ప్రతిజ్ఞ కార్డు మీద సంతకం పెట్టించారు. ఆదివారం జారిపడ్డవాళ్ళు ముందుకొచ్చి వరుసగా నిలబడితే అందరం ఏడ్చి, కౌగిలించుకుని, క్షమించేసేవాళ్ళం. అనుకోకుండా జారితే క్షమాపణ ఉంది. ముందే జాగ్రత్త పడితే మాత్రం తెలిసి చేసిన పాపం, కార్డు చింపేస్తారు. అందుకని మనవాళ్ళంతా ఎంతో భక్తిగా, ఏ జాగ్రత్తా లేకుండా జారిపడ్డారు. వాళ్ళలో ఎంతమంది మా కౌంటరు ముందుకొచ్చారో నేను చెప్పకూడదు.

నువ్వొక్కదానివే బుర్ర వాడావు. కీబోర్డు వాయించేవాడితో పాటల శిబిరానికి వెళ్ళేముందు, మందిరం వెనక చేతులు కడుక్కునే చోట కండోమ్ పెట్టె చూపించి, ఇది తప్పా కళ్ళజోడూ అని అడిగావు. నేనేమో పెద్ద ఆరిందాలా, ఇది కొనడమంటే పాపానికి ముహూర్తం పెట్టుకోవడమే, పారెయ్ అన్నాను. బేసిన్ కింద చెత్తబుట్టలో వేసేశావు. నా మాటంటే నీకు అంత నమ్మకం.

దేవుణ్ణి వదిలెయ్యమనడం లేదు. నేనూ వదల్లేదు, రోజూ ఆయనతో తగువే. ప్రార్థన చేసుకో, అన్నం తిను, వచ్చి చెయ్యి చాపు. గురువారం పొద్దున ఎనిమిదికి డ్యూటీ నాదే. నీ నరం ఓ పట్టాన దొరకదు, ఇంకెవరైనా అయితే నాలుగుసార్లు పొడుస్తారు.

రావే. నాకు భయంగా ఉంది.

ఇట్లు,
క్షమించమని అడిగే మొహం లేని
కళ్ళజోడు

తా.క. ఆ రోజు నువ్వు వెళ్ళాక చెత్తబుట్టలోంచి ఆ పెట్టె తీసి నా సంచీలో వేసుకున్నాను. శిబిరం అయ్యాక వాడు నా దగ్గరికీ వచ్చాడు. జారిపడ్డవాళ్ళ వరుసలో నేనెప్పుడూ నిలబడలేదని పెద్దాయన అందరిముందూ మెచ్చుకునేవాడు, గుర్తుందా? మొన్న నా రక్తం నేనే పరీక్ష చేసుకున్నాను. ఏమీ లేదని వచ్చింది.