గుడ్లున్న చేపల కూర

చెల్లెలు మునెమ్మకు,

నువ్వు పంపిన చేపల కూర అందింది. మూత తీసి చూస్తే ముక్కలకన్నా గుడ్లే ఎక్కువ.

చేపలు గుడ్లు పెట్టే నెలల్లో చెరువుకు కుప్పం వైపు మేమూ, తమిళనాడు వైపు మీరూ వల వేయకూడదని అందరి ముందూ మాటిచ్చింది బావే కదా. ఆ మాట నమ్మి ఇక్కడ అందరి వలలూ ఒడ్డుకు ఎక్కించింది నేను. "మీ బావ చేపలు పడతాండాడు, మేం యాల ఊరకుండాల?" అని ఇప్పుడు నన్నే నిలదీస్తున్నారు. వాళ్లకు ఏం చెప్పమంటావు?

కూర నేను ముట్టలేదు. "బిడ్డ చేసి పంపింది కదప్పా" అంటూ అమ్మ తింది. కేరియర్ ఖాళీగా పంపకూడదని టమాటాలు కూడా నింపింది. వాటి మీదే ఈ ఉత్తరం పెడుతున్నాను.

వచ్చే ఏడు ఇదే కేరియర్‌లో ఏం వండి పంపుతావో బావనే అడుగు.

అన్న