రెండు గంటల ఢిల్లీ

ఫిబ్రవరి 4, 1985

రాత్రికి ఎక్కాల్సిన ఢిల్లీ రైలు రద్దు. దారిలో గూడ్సు బోల్తా పడిందట. ఎల్లుండి పొద్దున పదిన్నరకి మేనకోడలు సుజాత పెళ్లి. దాన్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకెళ్లాల్సిన మేనమామ ఇక్కడ... కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నాడు.

"రేపటి రైలెక్కండి. పెళ్లి గిన్నెలు కడగటానికి అందుకుంటారు" — మా ఆవిడ. ఎగతాళి నా దగ్గరే నేర్చుకుంది.

ఫిబ్రవరి 5

పర్చూరు పోస్టాఫీసు. హైదరాబాదులో ఉన్న బావమరిదికి ఫోను. రేపు తెల్లారి అక్కణ్ణుంచి ఢిల్లీ విమానానికి టికెట్టు తీస్తాడట! పన్నెండొందల కిలోమీటర్ల పైచిలుకు. రెండు గంటలు.

"ఎన్నీ?"

"రెండే బావా! ఎన్నిసార్లు చెప్పాలి?"

రెండు గంటలు. మా ఎడ్లబండి ఊళ్లోంచి పర్చూరు చేరేసరికే అంత అవుద్ది — అదీ ఎడ్లకి బుద్ధిపుడితే.

తర్వాత ఢిల్లీకి, చెల్లెలు రత్నానికి ట్రంకాల్. అరిచి అరిచి చెప్పాను. అటునుంచి నవ్వు.

"విమానమా! చాల్లే అన్నయ్యా. 'కవలలు పుట్టారు, తల్లీపిల్లలు క్షేమం' అని టెలిగ్రాం కొట్టావు. మీ బావ ఆఫీసంతా మిఠాయిలు పంచారు. తీరా చూస్తే ఈనింది గేదె!"

"ఒట్టు రత్నం, ఈసారి నిజం—"

"పెళ్లిబుట్ట రాఘవులన్నయ్య మోస్తాళ్లే. నువ్వు నిమ్మళంగా రా."

లైను తెగింది. రాఘవులు మా చిన్నాన్న కొడుకు, పెళ్లికి ముందే ఢిల్లీ చేరాడు. వంగితే లేవలేని నడుం. వాడా, మా సుజాతని మోసేది!

రాత్రి హైదరాబాదు బస్సుకి బయల్దేరుతున్నా.

ఫిబ్రవరి 6

విమానంలో. కిటికీ పక్క సీటు.

నేల వదిలినప్పుడు సీటు చేతులు రెండూ గట్టిగా పట్టేసుకున్నా. పక్కన సూటాయన పేపరు చదువుకుంటున్నాడు. కిటికీ అవతల ఇంత జరుగుతుంటే పేపరు! మోచేత్తో పొడిచాను.

"సార్, ఆ కింద... మొలతాడులా..."

"గోదావరి అయ్యుంటుంది." తల కూడా తిప్పలేదు.

గోదావరి! దణ్ణం పెడదామని చేతులెత్తాను. జోడించేలోపే వెనక్కి పోయింది.

కళ్లు చెమర్చాయి. తువ్వాలుతో తుడుచుకున్నా — మొన్న మిరప కల్లంలో భుజాన వేసుకున్న తువ్వాలే. ఇక మంట! విమానం పిల్ల నీళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "భయపడకండి" అంది. ఏడుస్తున్నాననుకుంది. సగం నిజమే, నీళ్లు పుచ్చుకుని కళ్లు కడుక్కున్నా.

అదే రోజు, ఇంకా పైనే

వచ్చేసింది ఢిల్లీ. నిజంగా రెండు గంటలే!

కానీ దిగడంలేదు. కింద పొగమంచు. గుండ్రంగా తిరుగుతున్నాం. "మంచు విడవకపోతే జైపూరు తీసుకెళ్తారు" అన్నాడు సూటాయన.

ఈపాటికి సుజాత గౌరీపూజకి కూర్చుని ఉంటుంది. రాఘవులు నడుముకి కండువా బిగిస్తుంటాడు. అంత దూరం మింగేసిన విమానం, ఈ కాస్త కిందికి... సరిగ్గా పెళ్లిపందిరి మీదే తిరుగుతున్నానేమో. చెబితే రత్నం నమ్ముతుందా!

రెక్క వంగింది. దిగడానికా... జైపూరుకా—