స్వర్ణ పేరు మీద చీటీ

12 జూన్ 2023, సోమవారం

ఇవాళ్టికి పందొమ్మిది రోజులు. రక్తం ఆగడం లేదు. కంపెనీలో మగవాళ్ల బాత్రూంలో చెత్తడబ్బా ఉండదు. వాడిన ప్యాడ్‌ను పేపర్లో చుట్టి, బ్యాగులో పెట్టుకుని రూంకు తెచ్చుకుంటున్నాను. ఈ జడ్చర్లలో నాతోపాటు ప్యాకింగ్ చేసే ఎవరికీ నేను ఒకప్పుడు పూజనని తెలియదు. తెలియకూడదు.

15 జూన్, గురువారం

లీవు పెట్టి దవాఖానకు వెళ్లాను. ఆధార్‌లో పూజ తీసేసి పరమేష్, పురుషుడు అని మార్పించుకోవడానికి రెండేళ్లు తిరిగాను. ఇవాళ ఆ కార్డే అడ్డం పడింది. మగ పేరు మీద ఆడవాళ్ల ఓపీ చీటీ రాదట. కంప్యూటర్ తీసుకోదట. నీ భార్యను తోల్కరాపో అన్నది కౌంటర్లో ఆమె. నేనే పేషెంట్‌నని చెప్పాను. వెనక లైన్లో నవ్వారు. వచ్చేశాను.

18 జూన్, ఆదివారం

నకిరేకల్ పోయి స్వర్ణక్కకు చెప్పాను. బావ గొర్రెలతో సాగర్ దిక్కు పోయి ఇంకా రాలేదు. అక్క ఏడ్చింది, తర్వాత తిట్టింది. ఇన్ని దినాలు ఎట్ల ఓర్సుకున్నవ్ తమ్మీ అని. తన కార్డు ఇస్తానంది. మీసం తీసేయమంది.

ఇంజెక్షన్లతో తెచ్చుకున్న మూడేళ్ల మీసం. దానిమీద నాకెంత మోజో రాయాలంటే సిగ్గుగా ఉంది.

20 జూన్, మంగళవారం

మీసం తీసేసి, అక్క చీర కట్టుకుని, మాస్క్ పెట్టుకుని నకిరేకల్ దవాఖానకు పోయాను. నేను స్వర్ణను, అక్క నా చెల్లెలు. గొంతు పట్టిస్తుందని మూగదాన్నయ్యాను. ఎన్ని కాన్పులని డాక్టరమ్మ అడిగితే అక్క మరిచిపోయి తన లెక్క చెప్పేసింది, రెండని. లోపల చూశాక డాక్టరమ్మ, రెండు కాన్పులైన మనిషిలా లేదే అంది. బయట గుంపు ఎక్కువ. మళ్లీ అడగలేదు. టెస్టుకు ముక్క తీసింది.

4 జూలై, మంగళవారం

గర్భసంచిలో క్యాన్సర్. తొందరగా పట్నం పోతే స్వర్ణ బతుకుతుందట. బతకాలని ఉంది. ఇంత గట్టిగా ఉందని నాకే తెలియదు.

10 జూలై, సోమవారం

పట్నంలో అడ్మిషన్‌కు వేలిముద్ర అడిగారు. అక్క కార్డుతో కలవలేదు. పది వేళ్లూ పెట్టించారు. చివరికి అక్కే చేతులు జోడించి అంతా చెప్పేసింది. పెద్ద డాక్టర్ కోపం చేయలేదు. రిపోర్టు స్వర్ణది, దాంతో నీకు ఆపరేషన్ చేయలేం, నీ పేరు మీద మొదటినుంచి టెస్టులు చేయించుకుని రా అన్నాడు. నా పేరు మీద చీటీయే రాదు సార్ అన్నాను. అయితే పైనుంచి లెటర్ తేవాలట. ఎవరిస్తారో ఆయనకూ తెలియదు. ఇంకెక్కడా ఇట్ల చెప్పకమ్మా, నీమీద కేసైతది అని అక్కను భయపెట్టి పంపాడు. ప్రైవేటు మా వల్ల కాదు.

1 ఆగస్టు, మంగళవారం

లెటర్ కోసం మూడు ఆఫీసులు తిరిగాను. మూడో ఆఫీసులో మళ్లీ పూజ అని మార్చుకుని రమ్మన్నారు. దానికి ఆరు నెలలట.

9 ఆగస్టు

పని మానేశాను. నిలబడలేకపోతున్నాను. అక్క ఇంట్లో లోపలి గదిలో పడుకుంటున్నాను.

21 ఆగస్టు

ఊరి ఆశా వర్కరమ్మ వచ్చింది. క్యాన్సర్ లిస్టులో స్వర్ణ పేరు వచ్చిందట. గోడ ఇవతల పడుకుని విన్నాను. అక్కకు బీపీ చూసింది, బలం గోలీలు ఇచ్చింది. మొకం మంచిగైంది అక్కా, ఫికర్ జెయ్యకు అని చెప్పి పోయింది.