లత ఉరికింది, నేను టమాటాలు ఏరాను

మే నెల, మంగళవారం రాత్రి

ఎవరైనా కళ్లముందు పడిపోతే నా కాళ్లు ఎందుకు కదలవు? కాలేజీలో సైకాలజీ చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచీ మోస్తున్న ప్రశ్న ఇది. జనం ఎక్కువైనకొద్దీ, ఎవరో ఒకరు చూసుకుంటారులే అని అందరూ ఆగిపోతారని పిల్లలకు ఏటా చెబుతాను.

పొద్దున చిక్కడపల్లిలో కూరగాయల బండి చుట్టూ మూగిన గుంపులో నేనూ, మా తోడికోడలు లతా బేరమాడుతున్నాం. పక్కన కడుతున్న ఇంటి పనికి వచ్చిన పాలమూరు ముసలమ్మ ఎండకు కళ్లు తిరిగి పడిపోయింది. లత సంచీ వదిలేసి ఉరికింది. ఆమె తల ఒళ్లో పెట్టుకుని, "అక్కా, గట్ల చూస్తవేంది? నీళ్లు తే!" అని అరిచింది. అప్పటికి నేను లత సంచీలోంచి దొర్లిన టమాటాలు ఏరుతున్నాను.

తెలివొచ్చాక ముసలమ్మ లత చెయ్యి వదల్లేదు. "సల్లగుండు బిడ్డా" అంది. నీళ్లు తెచ్చిన నా వంక చూడనైనా లేదు.

ఇంట్లో సంగతి విని మా ఆయన, "లత గంతే! మరి మన లెక్చరర్ మేడం ఏం చేసింది?" అన్నారు.

"టమాటాలు ఏరాను."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, తినకుండానే కంచం తీశాను.

ఇక్కడైనా నిజం రాయాలి. ముసలమ్మ పడగానే నా చూపు ముందు లత మీదికే పోయింది. తను అప్పుడే ఉరికింది, ఇక రెండోదాన్నై ఎందుకు వెళ్లడం అనిపించింది. కుళ్లుతోనే ఆగిపోయాను. ఈ మాట ఏ పాఠంలోనూ చెప్పలేదు.

లత లేకపోతే వెళ్లేదాన్నే అని ఇందాకటి నుంచీ నాకు నేను చెప్పుకుంటున్నాను. వెళ్లేదాన్నా, లేక ఆ గుంపులో ఇంకో లత కోసం వెతికేదాన్నా? తేల్చుకోలేకపోతున్నాను.