దొరగారి కోటలో గది కావాలి

జూన్ 3, మంగళవారం

మేడమ్ ఇవాళ నా నాలుగో అధ్యాయాన్ని రెండు వేళ్ళతో బల్ల మీదుగా నా వైపు తోసేశారు. భయానక సాహిత్యం మీద పీహెచ్‌డీ చేస్తున్నదాన్ని, గైడ్ చూపుకి ఇంత భయపడటం సిగ్గుచేటు. కానీ భయపడ్డాను.

రాక్షసుడు ఎందుకు భయపెడతాడో మూడు అధ్యాయాలు రాశావు, బాగానే ఉంది అన్నారు. నాలుగోదాంట్లో జనం ఆ రాక్షసుడి మీద జోకులెందుకు వేసుకుంటారో చెప్తానన్నావు కదా, జోకులేసే మనిషితో ఒక్కడితోనైనా మాట్లాడావా అన్నారు. లేదన్నాను. వాళ్ళ రాతలు చూశావా అన్నారు. అదీ లేదన్నాను. కూర్చున్నచోట ఊహించి రాసేదాన్ని కథ అంటారట, రీసెర్చ్ అనరట. నెలాఖరులోగా వాళ్ళ కన్సెంట్, వాళ్ళ రాతలు తేవాలి. తేలేకపోతే అధ్యాయం తీసెయ్యాలి. అది తీసేస్తే థీసిస్‌లో మిగిలేది ఇదివరకే పదిమంది చెప్పేసింది. ఎక్స్‌టెన్షన్ ఇక రాదు.

వాళ్ళెవరో నాకు తెలుసు. దొరగారి అద్దెదార్ల సంఘం.

మా చిన్నప్పుడు టీవీలో వచ్చిన హారర్ సీరియల్‌లోవాడు ఆ దొరగారు. కోట నేలమాళిగలో ఉంటాడు. చచ్చిపోయి చాలా కాలమైంది కానీ ఆ సంగతి ఒప్పుకోడు. చివరి ఎపిసోడ్‌లో ఒక పిల్ల మంచం మీద పడుకుని ఉంటుంది, తలుపు పిడి మెల్లగా తిరుగుతుంది. అంతే. తర్వాతి వారం అదే టైమ్‌కి కుట్లు అల్లికల ప్రోగ్రామ్ వేశారు. ఎందుకు ఆపేశారో ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

ఆ సీరియల్ అభిమానులే ఈ సంఘం పెట్టుకున్నారు. తామంతా ఆ కోటలో అద్దెకున్నట్టు, దొరగారు తమ ఇంటి ఓనరైనట్టు ఫిర్యాదులు రాసుకుంటారు. శనివారం సాయంత్రాలు కూర్చుని చదువుకుంటారు. సభ్యులకు తప్ప ఎవరికీ చూపించరట.

అయితే సభ్యురాలినవుతాను. అదెంత పని.

జూన్ 7, శనివారం

అంత పనే.

మీటింగు ఒక ఎక్స్‌రే సెంటర్ వెయిటింగ్ హాల్లో. ఎక్స్‌రేలు తీసే ఆవిడే సంఘం సెక్రటరీ. కమిటీలో ఆవిడతో పాటు ఒక స్కూల్ బస్సు డ్రైవరు, ఒక లెక్కల మాస్టారు. కొత్తవాళ్ళు కోటలో గది కావాలని దరఖాస్తు రాసి, నిలబడి చదవాలి. చదువుతున్నంతసేపూ కమిటీ ముగ్గురూ కోరపళ్ళ సెట్లు పెట్టుకుని కూర్చుంటారు. నవ్వితే సెట్టు ఊడుతుంది. ముగ్గురిలో ఇద్దరి పళ్ళు ఊడిపడితే గది ఇచ్చినట్టు.

ముందు వాళ్ళ పాత ఫిర్యాదు ఒకటి మచ్చుకి వినిపించారు. డ్రైవరు రాసిందట. దొరగారికి అద్దంలో తన బొమ్మ కనపడదు కాబట్టి, వీపుకి గోడసున్నం అంటుకున్నా తెలియక అలాగే వచ్చి భయపెడుతున్నారు, చూసి నవ్వితే నొచ్చుకుంటున్నారు, కాస్త ఎవరైనా దులిపి పంపించగలరు. హాలంతా గొల్లుమంది. నేను నోట్స్ రాసుకున్నాను.

తర్వాత నా దరఖాస్తు చదివాను. ఫుట్‌నోట్లతో సహా.

డ్రైవరు ఆవలించడానికి పళ్ళు తీశాడు. ఒకటి పడ్డట్టేనా అని అడిగాను. తీయడం వేరు, ఊడటం వేరు అని సెక్రటరీ తీర్పు చెప్పారు.

జూన్ 8, ఆదివారం

ఆ కోరపళ్ళు చేసిచ్చేది మా తమ్ముడేనట. వాడు పనిచేసేది పళ్ళసెట్లు తయారుచేసే ల్యాబ్‌లో. ముందే ఎందుకు చెప్పలేదురా అంటే, నువ్వు అడిగావా అన్నాడు. పైగా నీకెందుకు ఈ గోల అని సలహా. అక్కా, నువ్వు జోకు చెప్తే జనం లేచి నిలబడి మౌనం పాటిస్తారు అన్నాడు.

వాడితో సాయంత్రం దాకా మాట్లాడలేదు. హాల్లో లైటు ఆర్పొద్దని చెప్పడానికి మాత్రం మాట్లాడాల్సొచ్చింది.

జూన్ 14, శనివారం

ఈసారి శాస్త్రీయంగా వెళ్ళాను. విన్న ఫిర్యాదులన్నిటినీ టేబుల్ వేసి చూశాను. ఆఫీసు భాష, ఇంట్లో ఉండే ఒక చిన్న చిరాకు, ఒక దయ్యపు లక్షణం. ఈ మూడూ కలిస్తే నవ్వు. దాని ప్రకారమే రాశాను. దొరగారి గొలుసుల చప్పుడు, వాటికి రబ్బరు తొడుగులు వేయించాలనే విన్నపం, తీర్మానం. ఎక్కడా లోపం లేదు.

మాస్టారి పెదవి కదిలింది. ఊపిరి బిగబట్టాను. ఆయన గొంతు సవరించుకున్నారు.

బయటికొస్తుంటే సెక్రటరీ వెనకాలే వచ్చి, ఏమీ అనుకోకండి మేడమ్, మీ జోకు మా దగ్గరి ఎక్స్‌రే లాగుంది అన్నారు. ఎముకలన్నీ ఉన్నాయట, మనిషి లేడట.

జూన్ 15, ఆదివారం

మనిషి లేడట. కోపం నషాళానికెక్కింది. వదిలే ప్రసక్తే లేదు.

జూన్ 18, బుధవారం

పొద్దున్నే టీ పెట్టుకుందామని వెళ్తే సింకు పక్కన గిన్నెలో మూడు జతల కోరపళ్ళు. డ్రైవరుకి చిగుళ్ళు ఒరుసుకుంటున్నాయని కమిటీ వాళ్ళు సరిచేయమని పంపారట. ల్యాబ్‌లో ఖాళీ లేక ఇంటికి తెచ్చాడట. టీ తాగబుద్ధి కాలేదు.

మూడో దరఖాస్తు సగం అయింది. నాకే నవ్వు రావడం లేదు.

జూన్ 21, శనివారం

గది వచ్చేసింది! ముగ్గురివీ ఊడిపోయాయి. మాస్టారివైతే ఒళ్ళో పడ్డాయి. సెక్రటరీ కన్సెంట్ మీద సంతకం పెట్టి కోట ముద్ర కూడా వేశారు. ఫిర్యాదుల కట్ట మొత్తం నా సంచిలో ఉంది. తమ్ముడికి ఫోన్ చేసి ఏం చెప్పానో గుర్తులేదు, అరిచాననుకుంటాను. వాడు మాత్రం, సరే ఇంటికి రా అని పెట్టేశాడు. కుళ్ళు.

జూన్ 23, సోమవారం

మేడమ్ కన్సెంట్ చూశారు. ఫిర్యాదులు నాలుగు చదివారు. రాయడం మొదలుపెట్టు, గండం గడిచింది అన్నారు. ఆవిడ నోట అలాంటి మాట రావడం ఇదే మొదలు.

వచ్చేటప్పుడు బస్సులో శనివారం రికార్డింగు విన్నాను. నా దరఖాస్తు నేను చదివింది రికార్డు చేసుకుంటానని ముందే అడిగి పెట్టుకున్నాను. రెండుసార్లు విన్నాను. కమిటీ వారికి నమస్కరించి వ్రాయునది అన్నాను. తర్వాత, విషయం అన్నాను. టప్. పళ్ళు. ఇంకా విషయమేమిటో చెప్పనేలేదు. విషయం అన్నమాటలో నవ్వడానికేముంది? పైగా రికార్డింగులో నవ్వు వినపడదు. పళ్ళు పడ్డ చప్పుడు తర్వాత కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాతే చప్పట్లు.

సింకు పక్కన గిన్నె గుర్తొచ్చింది.

జూన్ 24, మంగళవారం, ఉదయం 6

నిద్ర లేపి మరీ అడిగాను. తమ్ముడు దాచలేదు. మూడు సెట్లూ లోపలివైపు కాస్త కాస్త అరగదీశాడట. పెదవి కాస్త కదిలితే చాలు జారేలాగ.

గదిలోంచి నువ్వు ఏడుస్తున్నట్టు వినపడితే చూస్తూ ఊరుకోమంటావా అన్నాడు. చిన్నప్పుడు నా హోంవర్కులన్నీ నువ్వు రాసిపెట్టలేదా, ఇదీ అంతే అన్నాడు. నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. కోపమే బయటికొచ్చింది. నవ్వు మీద రాస్తున్న అధ్యాయానికి ఆధారం రాని నవ్వా అని అరిచాను. మేడమ్‌కి తెలియదు కదా అన్నాడు. నాకు తెలుసు కదరా అన్నాను.

శనివారం వెళ్ళి చెప్పేస్తాను. చెప్తే కన్సెంట్ పోతుంది, కట్ట పోతుంది, అధ్యాయం పోతుంది. సోమవారానికి గడువు కూడా పోతుంది. వాడికి ఆ పళ్ళ బేరమూ పోవచ్చు. పోతే పోయిందిలే అన్నాడు, మొహం చిన్నబుచ్చుకుని. ల్యాబ్‌లో ఉన్న వాళ్ళ నోటి అచ్చులు ఇవాళే మళ్ళీ బయటికి తీసి, ఎవరి నోటికి వాళ్ళది సరిగ్గా పట్టేలా కొత్త సెట్లు చేయమన్నాను. చేస్తాను, ఈసారి నేనే ఊడదీయలేనంత గట్టిగా చేస్తాను చూడు అన్నాడు.

జూన్ 28, శనివారం

కొత్త సెట్లు ఇచ్చాను. పెట్టుకున్నారు. నిలబడ్డాను. చేతిలో కాగితం లేదు.

పళ్ళు అరగదీసిన సంగతి చెప్పాను. నా ప్రవేశం చెల్లదని చెప్పి కన్సెంట్, ఫిర్యాదుల కట్ట బల్ల మీద పెట్టాను. తప్పు మా వాడిదైనా వాడు చేసింది నాకోసమని, పళ్ళ పని వాడి దగ్గరే ఉంచమని అడిగాను. అక్కడితో ఆగాల్సింది. సెక్రటరీ ఆ కోరపళ్ళతోనే, ఇంత అవస్థ దేనికండీ, రాయడానికి వేరే దయ్యాలు దొరకలేదా అన్నారు.

నాకు ఒళ్ళు మండింది.

దొరకలేదు అన్నాను. ఆ తలుపు పిడి తిరిగేనాటికి నాకు ఏడేళ్ళు అన్నాను. అప్పట్నుంచి నా పాదాలు దుప్పటి బయట పెట్టలేదు, ఎండాకాలంలో కూడా. గోతిక్ సాహిత్యంలో తలుపుల గురించి నలభై పేజీలు రాశాను, బీరువా తలుపు ఓరగా ఉంటే నాకు నిద్ర పట్టదు. కరెంటు పోతే తమ్ముడు బాత్‌రూమ్ బయట నిలబడి మాట్లాడుతూనే ఉండాలి. వాడి దగ్గర కబుర్లు అయిపోతే ఎక్కాలు చదవాలి. పదమూడో ఎక్కంలో వాడు తప్పితే లోపల్నుంచి నేను దిద్దుతాను. దయ్యాల మీద డాక్టరేటు తెచ్చుకోబోయే మనిషిని నేను, మీరేమో ఆ దొర కోటలో అద్దెకుంటున్నామని హాయిగా నవ్వుకుంటున్నారు, అది ఎలా సాధ్యమో నాకు తెలిసితీరాలి అన్నాను.

డ్రైవరు పళ్ళు ఎగిరి మాస్టారి టీలో పడ్డాయి. మాస్టారు రెండు చేతులతో నోరు మూసుకున్నారు, వేళ్ళ సందుల్లోంచి జారాయి. సెక్రటరీ బల్ల మీద తల ఆనించి నవ్వుతున్నారు, ఆవిడవి ఎప్పుడు పడ్డాయో చూడలేదు. మీకు నవ్వులాటగా ఉందా అని అరిచాను. ఇంకా నవ్వారు. చచ్చేంత అవమానమనిపించింది. సంచి తీసుకున్నాను.

మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ, పదమూడో ఎక్కం ఎక్కడ తప్పుతాడమ్మా అన్నారు. తాను మాత్రం ఈ వయసులోనూ అల్మరాకి కుర్చీ అడ్డం పెట్టి పడుకుంటానన్నారు. డ్రైవరు పిల్లల్ని దింపేశాక ఖాళీ బస్సులో లోపలి అద్దంలోకి చూడడట. చివరి సీట్లో ఎవరైనా కూర్చుని ఉంటారని. అతను రాసిన అద్దం ఫిర్యాదు గుర్తొచ్చింది. సెక్రటరీ రోజూ ఎముకలు చూసే మనిషి. తన మంచం కింద చూసుకోకుండా పడుకోనన్నారు. హాల్లో మిగిలినవాళ్ళూ ఒక్కొక్కరూ చెప్పడం మొదలుపెట్టారు.

అప్పుడు నాకూ నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. ముక్కులోంచి కూడా వచ్చింది, అసహ్యంగా.

దరఖాస్తు అంటే ఇదీ అని సెక్రటరీ కట్ట మళ్ళీ నా చేతిలో పెట్టి, కన్సెంట్ మీద ఇవాళ్టి తేదీ వేశారు. గది నేలమాళిగకి సరిగ్గా పైన ఇచ్చారు. చప్పుడు ఎక్కువ, అద్దె తక్కువట. నన్ను మేడమ్ అనడం మానేసి, జాగ్రత్తగా వెళ్ళమ్మా అన్నారు. పళ్ళ పని తమ్ముడి దగ్గరే ఉంది.

జూన్ 30, సోమవారం

కన్సెంట్ తేదీ ఎందుకు మారిందో మేడమ్‌కి చెప్పాను, పళ్ళ సంగతితో సహా. రాసిన పేజీలేవి అన్నారు. ఆదివారమంతా కూర్చుని రాసిన పేజీలు ఇచ్చాను. భయం పోయాక నవ్వుతారని నేను అనుకున్నది తప్పు, వాళ్ళకి భయం పోలేదు, ఆ పిడి ఇంకా తిరుగుతూనే ఉంది, దొర ఎలాగూ ఇల్లు ఖాళీ చేయడు కాబట్టి అతనితో కలిసి ఉండటానికి జోకులు వేసుకుంటారు అని రాశాను. మొదటి వాక్యం, ఈ అధ్యాయం రాస్తున్న మనిషి పాదాలు దుప్పటి బయట పెట్టదు.

ఈ వాక్యం థీసిస్‌లో అవసరమా అన్నారు. అవసరమే అన్నాను. ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో రాశారు. ఉంచు.

జూలై 5, శనివారం

దొరగారి అద్దెదార్ల సంఘం కమిటీ వారికి, నేలమాళిగ పై గదిలో ఉంటున్నదాన్ని నమస్కరించి వ్రాయునది.

విషయం: ఓనరు గారి నిర్లక్ష్యం.

నిన్న రాత్రి నేను రెండు పాదాలూ దుప్పటి బయట పెట్టి, హాల్లో లైటు ఆర్పించి, తెల్లారేదాకా ఎదురుచూశాను. దొరగారు రాలేదు. ఇన్నేళ్ళు దాచి ఉంచిన పాదాలు. తగిన చర్య తీసుకోగలరు.